పాత కాటా దగ్గర ఆగని లారీ

రోడ్డు వెడల్పయితే లారీ తొందరగా వెళ్తుందని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఆ ముక్కనే అంకెల్లో రాసి పంపినందుకు నాకు జీతం ఇచ్చేవాళ్లు. 2003లో మా వైపు జాతీయ రహదారి నాలుగు లైన్లయింది. కొత్త రోడ్డు పడ్డాక సరుకు లారీలకి ఎంత సమయం కలిసొస్తోందో కొలిచి రిపోర్టు ఇమ్మని హైదరాబాదులోని మా కన్సల్టెన్సీ నన్ను నర్సీపట్నంలో వేసింది. సొంత ఊరు, పక్క వీధిలోనే అత్తారిల్లు, ఇంకేం కావాలి అనుకున్నాను. నా మొహం.

పని చూడ్డానికి సులువే. పొద్దున్నే అబీద్ సెంటర్ దగ్గర పాయకరావుపేట వెళ్లే లారీ ఒకటి పట్టుకోవడం, క్లీనరు పక్కన ఇరుక్కుని కూర్చోవడం, బండి కదలగానే స్టాప్‌వాచీ నొక్కడం, అక్కడికి చేరాక మళ్లీ నొక్కడం. ఏజెన్సీ కొండల నుంచి పసుపు, చింతపండు దింపే లారీలన్నీ ఆ ఏడు అడ్డరోడ్డు దాకా ఊళ్ల మీది రోడ్డులో వెళ్లి, అక్కడ హైవే ఎక్కేవి. తుని మీదుగా దగ్గర దారి ఉంది గానీ వానలకి అది గోతులు పడి, దాని మీద వెళ్తే ఇరుసు విరగడం ఖాయం.

ఇలా నెల్లాళ్లు తిరిగాక తేలిందేమిటంటే, కొత్త రోడ్డు మీద లారీలు పాత రోడ్డు మీదకంటే ఆలస్యంగా చేరుతున్నాయి.

"ప్రసాద్, ఈ రిపోర్టు పంపితే మన మొహాన ఉమ్మేస్తారయ్యా," అన్నారు మా బాసు మన్మథరావుగారు ఫోనులో. "నువ్వు లారీలో కూర్చుంటున్నావా, పడుకుంటున్నావా?"

పడుకోవడానికా నేను వెళ్లేది? నా నడుం విరిగిపోతోంది. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో నాకు బాగా తెలుసు. ఎందుకు జరుగుతోందో చెప్పేవాడే లేడు.

కోటవురట్ల దాటాక ఆ ఊళ్ల రోడ్డు కింద ఒక రాతి తూము ఉంది. ప్రతి లారీ అక్కడ ఆగేది. క్లీనరు కిందికి దిగి, తలుపు బార్లా తెరిచి, పక్కకి జరిగి తల వంచుకుని నిలబడేవాడు. ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. కాసేపయ్యాక వాడే ఎక్కి తలుపు వేసుకునేవాడు. ఇది పోనీలే అనుకుందాం. నక్కపల్లి దాటాక జరిగేది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. లారీలని సరుకుతో సహా తూచే పాత ధర్మకాటా ఒకటి అక్కడుంది. పాత హైవే పక్కన ఉండేది కాస్తా, హైవేని ఎత్తు పెంచి వేశాక కట్ట కింద పడి మూతపడింది. పాతిక టన్నుల బండి నున్నటి నాలుగు లైన్ల రోడ్డు వదిలేసి, ఆ బురద దారిలోకి దిగి, తుప్పు పట్టిన కాటా ముందు ఆగి, తలుపు తెరిచి, మళ్లీ వేసి, మూలుగుతూ కట్ట ఎక్కేది. ఎందుకయ్యా అంటే "అలవాటు సార్" అనేవాళ్లు. మందు దాచుకుంటున్నారేమోనని రెండుసార్లు దిగి వెతికాను. గడ్డి, గాజుపెంకులు తప్ప ఏమీ లేవు.

"అవన్నీ నాకొద్దు," అన్నారు మన్మథరావుగారు. "హైవే ఎక్కినవాడు దిగకుండా వెళ్తే ఎంత పడుతుందో ఒక్కసారి చూపించు. అది పంపి సెలవు తీసుకో. లేదంటే వేరేవాణ్ణి పంపిస్తాను, నువ్వు మళ్లీ ఆఫీసుకి రానక్కర్లేదు."

ఆ సెలవు కోసమే నా ప్రాణం కొట్టుకుంటోంది. నా భార్య రాచెల్‌కి నెలలు నిండాయి. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. రెండోసారి అది ఆసుపత్రిలో ఏడుస్తుంటే నేను ఒంగోలు దగ్గర ఎడ్లబళ్లు లెక్కపెడుతున్నాను. ఈసారి పక్కనే ఉంటానని బైబిలు మీద చెయ్యి వేసి మాటిచ్చాను. డిసెంబరు మూడో వారం. మా వీధిలో ఇంటింటికీ క్రిస్మస్ నక్షత్రాలు కట్టేశారు. మా గుమ్మానికి మాత్రం లేదు. పుట్టాక కడదాం అంది రాచెల్.

లారీ ఓనరు ఒకాయన్ని కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. సర్వే సారు చెప్పినట్టు నడపమని ఆయన తన డ్రైవరుకి గట్టిగా చెప్పాడు. డ్రైవరు పేరు జోగులు, కృష్ణదేవిపేట మనిషి, యాభై దాటిన వాడు, మాట తక్కువ. క్లీనరుకి జ్వరమొచ్చి ఆ రోజు రాలేదు. పొద్దున్న బయల్దేరాల్సిన బండి, పసుపు బస్తాలు ఎత్తేసరికి సాయంత్రమైంది. నా ఓపిక అక్కడే సగం అయిపోయింది.

నర్సీపట్నం దాటేసరికి పొద్దు వాలింది. చలికి పొలాల మీద తెల్లగా మంచు దిగుతోంది. క్యాబిన్ నిండా పచ్చి పసుపు వాసన. నేను ఎడమ పక్క తలుపు దగ్గర, అట్ట ప్యాడు ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా సీటు ఖాళీ.

తూము దగ్గర జోగులు బండి ఆపాడు.

"ఆపొద్దన్నాను కదండీ."

"అయివే మీద ఆపొద్దన్నారు. ఇది అయివే కాదు కదా బాబూ. తలుపు తియ్యండి."

"నేనెందుకు తియ్యాలి?"

"క్లీనరు లేడు. ఆ పక్కన కూకున్నోళ్లే తియ్యాల. దిగి పక్కకి నిలబడండి."

స్టాప్‌వాచీ తిరుగుతోంది. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని. ఎవరికీ తలుపులు తీసి తల వంచుకుని నిలబడాల్సిన అవసరం నాకు లేదు. వాదిస్తే ఇంకా ఆలస్యమవుతుందని కూర్చునే కాలితో తలుపు తన్నాను. తెరుచుకుంది.

"దిగండి బాబూ."

"దిగను."

"పోనీ ఇటేపు జరగండి. కాసింత సోటియ్యండి."

"జరగను. పోనివ్వండి."

జోగులు నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తర్వాత నన్ను దాటించి బయటి చీకట్లోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"సర్దుకో అమ్మా."

తలుపు పడింది. నేను వేశానా, గాలికి పడిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. బండి కదిలింది. పసుపు వాసనలోకి ఇంకో వాసన చేరింది. మండుతున్న పొయ్యి మీద నీళ్లు పోస్తే వచ్చే తడి బూడిద వాసన. ఎవరో పొలంలో చెత్త తగలబెట్టి ఆర్పి ఉంటారనుకున్నాను. అద్దం పైకెత్తాను. వాసన పోలేదు.

అడ్డరోడ్డు దగ్గర హైవే ఎక్కాం. నల్లటి రోడ్డు, తెల్లటి గీతలు, ఎదురు బండి లేదు. జోగులు టాప్ గేరు వేశాడు. నెల్లాళ్లుగా నేను కోరుకున్నది అదే. సంతోషించాల్సిన సమయంలో నా తొడలు తిమ్మిరెక్కడం మొదలైంది.

కాళ్లు చాపబోయాను. చాపలేకపోయాను. సంచీ మీద చెయ్యి వేశాను... సంచీ తొడలకి అతుక్కుపోయి ఉంది, పైనుంచి ఎవరో అదిమినట్టు. లోపల అట్ట ప్యాడు చిటుక్కుమని రెండు ముక్కలైంది.

నేను దాని మీద చెయ్యి కూడా వేయలేదు.

బస్సుల్లో రష్షుగా ఉన్నప్పుడు ఎవరి పిల్లనో మన ఒళ్లో కూర్చోబెట్టేస్తారు. ఆ బరువు నాకు తెలుసు. ఇది పిల్ల బరువు కాదు. బండి కుదిపినప్పుడల్లా ఆ బరువు నాతోపాటు కదిలింది. బ్రేకు వేసినప్పుడు ముందుకి ఊగింది. తర్వాత... వెనక్కి వాలింది. నా ఛాతీ మీదకి.

"జోగులుగారూ," అన్నాను.

"జరగమన్నాను కదా బాబూ," అన్నాడు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

నక్కపల్లి దాటింది. జోగులు బండి నెమ్మది చేసి, బురద దారి వైపు ఇండికేటరు వేశాడు. ఆ టిక్ టిక్ శబ్దం వినగానే భయం పక్కకి పోయి నాలో కోపం లేచింది. ఇక్కడ దిగితే ఇవాళ్టి ట్రిప్పు కూడా పనికిరాదు. రేపు మళ్లీ లారీ, మళ్లీ బతిమాలడం, మళ్లీ మన్మథరావుగారి తిట్లు. అక్కడ రాచెల్ ఒక్కతే.

"దిగొద్దు. నేరుగా పోనివ్వండి."

"ఆవిడ దిగాల."

"ఎవరావిడ?"

"మాకు తెల్దు. తూము కాడ ఎక్కుతాది, కాటా కాడ దిగుతాది. మా గురువుగారు అలగే నేర్పినారు. ఎవురని అడగం."

"నా భార్యకి ఇవాళో రేపో పురుడు. రేపు మళ్లీ ఈ లారీ ఎక్కడం నా వల్ల కాదు. అర్థం చేసుకోండి."

జోగులు మొదటిసారి రోడ్డు వదిలి నా ఒళ్లోకి చూశాడు. నా మొహంలోకి కాదు. ఒళ్లోకి.

"పురుడా? అయితే మరీ ఆగాల బాబూ," అన్నాడు గుసగుసగా.

"మీ ఓనరు ఏం చెప్పాడు? నేను చెప్పినట్టు నడపమన్నాడా లేదా?"

అతను ఇండికేటరు ఆపేశాడు. బండి ముందుకి దూకింది.

కట్ట కింద పాత కాటా రేకుల షెడ్డు లైటు వెలుగులో ఒక్కసారి మెరిసింది. అప్పుడు నా పక్క తలుపు హేండిలు కదిలింది. టక్... టక్... టక్. లోపలి నుంచి. నేను చెయ్యి వేసి ఆపబోయాను. హేండిలు మీద చల్లటివి ఏవో ఉన్నాయి... సన్నటివి... నా వేళ్ల కింద అవి ముడుచుకున్నాయి. నేను చెయ్యి లాగేసుకున్నాను. షెడ్డు వెనక్కి వెళ్లిపోయింది. హేండిలు ఆగింది.

ఇంజను మోత ఒక్కటే.

తర్వాత ఆ బరువు నా ఒళ్లో అటూ ఇటూ కదిలింది. దూర ప్రయాణానికి సరిగ్గా కుదురుకుంటున్నట్టు.

పాయకరావుపేట శివార్లలో కొత్త కాటా ఎక్కగానే స్టాప్‌వాచీ నొక్కాను. పాత రోడ్డుకంటే ఇరవై నిమిషాలు తక్కువ. మన్మథరావుగారు ఎగిరి గంతేసే అంకె. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కాటా చూసుకునే మనిషి, దేవుళ్లు అని, గదిలోంచి తల బయటపెట్టాడు. సరుకు బరువులో మనుషుల బరువు కలవకుండా, తూచేముందు క్యాబిన్లో ఉన్నవాళ్లంతా దిగడం అక్కడి పద్ధతి. గది మీద ఎర్రటి అంకెలు పెద్దగా కనిపిస్తాయి. జోగులు దిగాడు. అంకె డెబ్బై తగ్గింది. నేను దిగాను. నూట ఇరవై తగ్గింది.

నేను అరవై కిలోలు ఉంటాను.

"ఇద్దరు దిగినారేటి?" అన్నాడు దేవుళ్లు.

నేను మళ్లీ ఎక్కాను. నూట ఇరవై పెరిగింది. దిగాను. తగ్గింది. జోగులు చేత లారీ ముందుకి తీయించి ఖాళీ కాటా మీద ఒక్కణ్ణే నిలబడ్డాను. నూట ఇరవై.

"మీ మిషను పాడైంది," అన్నాను. అరిచానేమో కూడా.

"నిన్ననే కంపెనీవోళ్లొచ్చి సరిసూసినారు సార్," అన్నాడు దేవుళ్లు. తర్వాత నా నడుం కిందికి చూసి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అప్పుడు గమనించాను. నా నడుం వంగిపోయి ఉంది. కూర్చున్నప్పుడు ఒళ్లో ఉన్నది, నిలబడితే నా నడుం పట్టుకుని వేలాడుతోంది.

ఆ గది కిటికీలోంచి చెయ్యి పెట్టి దేవుళ్లు ఫోను తీసుకుని ఇంటికి చేశాను. నా మరదలు సోఫియా ఎత్తింది.

"బావా, అక్కని ఆసుపత్రిలో సేర్చాం. నొప్పులొస్తన్నాయి. బట్టలకని ఇంటికొచ్చాను. ఎక్కడున్నారు? బేగి రండి."

జోగులు పసుపు దింపకుండానే బండి వెనక్కి తిప్పాడు. అడక్కుండానే. పాత కాటా దగ్గర బురదలోకి దిగి ఆపాడు. నేను తలుపు తెరిచి, కిందికి దిగి, పక్కకి నిలబడి, తల వంచాను. ఎవరికీ వంచనన్న తల.

"దిగండమ్మా, వచ్చేశాం," అన్నాను.

కప్పలు అరుస్తున్నాయి. పైన హైవే మీద లారీ ఒకటి దూసుకుపోయింది. నా నడుం మీద పట్టు వదల్లేదు సరికదా, ఇంకొంచెం బిగిసింది.

"తప్పయింది. దయచేసి దిగండి."

"దిగదు బాబూ," అన్నాడు జోగులు. "ఆవిడ సోటు దాటిపోనాది. ఎనక్కొచ్చి దిగదు. ఇంక మీరెక్కడికి ఎల్తే ఆవిడా అక్కడికే."

"అంటే?"

"మీరు సేరాలనుకున్న కాడికి. అక్కడ దిగిపోద్ది."

నేను చేరాలనుకుంటున్నది ఎక్కడికో మా ఇద్దరికీ తెలుసు.

"వెళ్లకపోతే?"

"మా గురువుగారు ఓపాలి నిద్దట్లో కాటా దాటించేసినారు. ఇంటికెల్లినారు," అని ఆగిపోయాడు. తర్వాతేమైందని అడిగాను. "ఒద్దు బాబూ," అన్నాడు అంతే.

నా ఖర్మ చూడండి. నాలుగు లైన్ల రోడ్డు. ఎదురు లేదు, గొయ్యి లేదు. గంటన్నరలో రాచెల్ దగ్గర ఉండొచ్చు. వెళ్లొద్దని ఈ మనిషి చెబుతున్నాడు. మాట తప్పొద్దని దేవుడి ముందు నేనే చెప్పుకున్నాను. ఆ బురదలో నిలబడి మన్మథరావుగారిని, హైవేని, తూముని, నన్ను, అన్నిటినీ కలిపి తిట్టాను. తిట్టి తిట్టి చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. ఆసుపత్రి గేటు దాకా వెళ్తాను. లారీలోంచి దిగను. కబురు విని, బతికుందని తెలుసుకుని, అట్నుంచి అటే ఎటైనా పోతాను. చేరకపోతే చేరినట్టు కాదు కదా.

జోగులు బండి కట్ట ఎక్కించాడు. దారంతా నేను యెహోవాని తలుచుకుంటూనే ఉన్నాను. ఒళ్లో బరువు కుదురుగా, బుద్ధిగా కూర్చుంది. నర్సీపట్నం వీధి దీపాలు కనిపించగానే అది కొంచెం నిటారుగా అయినట్టు అనిపించింది. ఊరు చూడ్డానికి.

గేటు ముందు లారీ ఆగింది. హారను విని సోఫియా మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది.

"బావా, ఆడపిల్ల. ఇద్దరూ బావున్నారు. దిగండి మరి."

నా కళ్లు నిండిపోయాయి. మూడోసారికి నిలిచింది. నా కూతురు ఆ గోడ వెనకాల ఉంది. తలుపు హేండిలు మీద చెయ్యి వేసి... తీసేశాను.

"నేను రాలేను. తర్వాత చెబుతాను. నువ్వు లోపలికి వెళ్లు, అక్క పక్కనే ఉండు."

"ఏటి మాట్లాడతన్నారు? అక్క మీకోసమే సూసి సూసి ఇప్పుడే పడుకుంది." దాని మొహం ఎర్రబడింది. "రారా? అయితే పాపనే తెచ్చి సూపిస్తాను. అప్పుడైనా దిగుతారేమో."

"వద్దు సోఫీ. తీసుకురావద్దు. ఇక్కడికి తీసుకురావద్దు."

వినకుండా వెళ్లిపోయింది. ఆసుపత్రి తలుపు దాని వెనకే ఊగి మూసుకుంది.

నేను సీటు పట్టుకుని కూర్చున్నాను. రానీ, పాపని తేగానే బండి పోనివ్వమంటాను అనుకున్నాను. జోగులుతో అదే చెప్పబోయాను. అంతలో నా పాదాల్లో సూదులు గుచ్చినట్టయింది. తిమ్మిరి వదులుతోంది. మోకాళ్లలోకి, తొడల్లోకి వెచ్చగా నెత్తురు పాకింది. సంచీ ఉబ్బింది. ఒళ్లో ఏమీ లేదు. గాలి పీల్చుకున్నాను. హాయిగా, గుండె నిండా. దేవా నీకు స్తోత్రం అనుకున్నాను.

జోగులు నన్ను చూడ్డం లేదు. ఆసుపత్రి తలుపు వైపు చూస్తున్నాడు. అది మళ్లీ ఊగుతోంది. ఎవరూ బయటికి రాలేదు.

లారీలోంచి దూకాను. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వార్డులో దీపం మసగ్గా ఉంది. రాచెల్ గోడవైపు తిరిగి నిద్రపోతోంది, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. మంచం పట్టెకీ కిటికీ ఊచకీ మధ్య దాని పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంది. సోఫియా దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చీర కింద పెట్టి ఉంది.

"బావా," అంది, అక్క లేవకుండా గుసగుసగా. "ఇందాక నేనే పడుకోబెట్టాను. దూదిలాగుంది. ఇప్పుడు ఎత్తలేకపోతన్నాను."

ఉయ్యాల నేలకి ఆనిపోయి ఉంది. కిటికీ ఊచ వంగింది. చీర మడతల మధ్య నా కూతురు, గుప్పెడంత మొహం, కళ్లు మూసుకుని ఉంది. నేను సోఫియాని పక్కకి తప్పించి, పాప మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి, జాగ్రత్తగా ఎత్తాను.

లేవలేదు.